గుండె చెరువైన నాడు: మూసీ వరద, మెదడులోని తూములు

హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్ళే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపిస్తాయి. ఈ రోడ్డుకు ఉత్తరాన మూసీ, దక్షిణాన ఈసీ. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. రెండు ఏర్లూ తూర్పుకు పారి హైదరాబాదు అంచున, ఇప్పుడు బాపూఘాట్ ఉన్న చోట, కలుస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇవి వాగుల కిందే లెక్క. 1908 సెప్టెంబరు 28, సోమవారం నాడు మాత్రం ఈ రెండు వాగులే ఒక నగరాన్ని ముంచేశాయి.

ఆ వరదని హైదరాబాదీలు ‘తుగ్యానీ’ అన్నారు. దాన్ని గురించి రాసినవాళ్ళంతా అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, కొట్టుకుపోయిన వంతెనలు, కూలిన ఆసుపత్రి దగ్గర మొదలుపెడతారు. నీళ్ళు మాత్రం అక్కడ మొదలు కాలేదు. పైన, ఇవాళ మనం చేవెళ్ల, మొయినాబాద్, శంషాబాద్, షాబాద్, శంకర్‌పల్లి అంటున్న ఊళ్ళ మీద కురిసిన వాన అది. శంషాబాద్‌లో ఇరవై నాలుగు గంటల్లో పన్నెండు అంగుళాలకు పైగా పడింది. ఈ రెండు ఏర్ల పరీవాహకంలో అప్పటికి ఏడు వందలకు పైగా చెరువులున్నాయి. అన్నీ గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పోస్తే కిందిచెరువు నిండాలి, అది నిండితే దాని కిందిది. అలుగు పోసే వేగానికి మించి నీళ్ళొస్తే కట్ట తెగుతుంది. ఒక కట్ట తెగితే ఆ చెరువు నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందిచెరువు మీద పడతాయి. ఆ రాత్రి అలా రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. ఎక్కువ భాగం ఈసీ వైపువే.

తెలుగులో ‘గుండె చెరువైంది’ అని ఒక మాట ఉంది. అంతులేని దుఃఖం వచ్చినప్పుడు వాడతాం. చెరువుల మధ్య బతికినవాళ్ళు పుట్టించిన మాట అయ్యుండాలి. చెరువంటే కట్ట, తూము, అలుగు మూడూ కలిసిన ఏర్పాటు. వచ్చే నీటిని ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్నది ఆ మూడూ తేలుస్తాయి. హఠాత్తుగా ప్రాణం మీదకు వచ్చినప్పుడు మెదడులో జరిగేదాన్ని ఈ వందేళ్ళలో శాస్త్రజ్ఞులు తవ్వి తీశారు. వాళ్ళు కనుక్కున్నది కూడా ఇలాంటి ఏర్పాటు గురించే. ఈ వ్యాసం ఆ రెండు చరిత్రల గురించి: వరద ఒకటి, వరద నుంచి బతికి బయటపడ్డ మనిషి మెదడు రెండోది. మొదటిదాన్ని అడుగుల్లో, ఘనపుటడుగుల్లో రాసి పెట్టుకున్నాం. రెండోదానికి చాలాకాలం మన దగ్గర లెక్కే లేదు.

చింతచెట్టు మీద నూటయాభై మంది

తుగ్యానీలో పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో. నూటయాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఏటా సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు కింద చేరి ఆనాటివాళ్ళని తలుచుకుంటారు.

కొమ్మ పట్టుకున్న ఆ నూటయాభై మంది తర్వాత ఏమయ్యారు? ఎవరూ రాసి పెట్టలేదు. వాళ్ళు బతికారు, అంతటితో వాళ్ళ కథ అయిపోయింది. ఒక్కరి విషయం మాత్రం మనకు తెలుసు. ఆయన చెట్టు మీది మనిషి కాదు గానీ వరదలో చిక్కుకున్నవాడే. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ కవి అమ్జద్ హైదరాబాదీ. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ళముందే కొట్టుకుపోయారు. ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. దాని మీద ‘ఖయామతె సుగ్రా’ అని కవిత రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం. 1961 దాకా బతికాడు. అంటే ఆ ఒక్క రోజును మోస్తూ యాభై మూడేళ్ళు.

అలాంటి స్థితికి అప్పటి మన ఊళ్ళలో ఒక మాట లేకపోలేదు. ‘జడుసుకుండు’ అనేవాళ్ళు. జడుపు తగిలింది, దడుపు జ్వరం వచ్చింది, పాణం గుబగుబలాడుతుంది. తాయెత్తు కట్టేవాళ్ళు, దిష్టి తీసేవాళ్ళు, నలుగురూ చుట్టూ కూచునేవాళ్ళు. దీన్నంతా మూఢనమ్మకం అని కొట్టిపారేసే ముందు ఒకటి గమనించాలి. భయం అనేది మనసులో పుట్టి మనసులోనే పోయేది కాదని, ఒంట్లోకి దిగి ఉండిపోతుందని ఆ మాటలు చెప్తున్నాయి. వైద్యశాస్త్రానికి ఆ సంగతి అంత స్పష్టంగా చెప్పడానికి ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది.

‘గ్రాహకం’ అనే ఊహ

1908లోనే, తుగ్యానీ వచ్చిన కొద్ది వారాలకు, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పాల్ ఎర్లిష్‌కు, ఇల్యా మెచ్నికోఫ్‌కు కలిపి ఇచ్చారు. బహుమతి రోగనిరోధక శక్తి మీద పనికి. కానీ ‘రిసెప్టర్’ అనే మాటను చలామణీలోకి తెచ్చింది ఈ ఎర్లిషే. మనం గ్రాహకం అంటున్నాం. అంతకు మూడేళ్ళ ముందు, 1905లో, కేంబ్రిడ్జ్‌లో జాన్ లాంగ్లీ కండరాల మీద నికొటిన్, క్యురారే అనే రెండు పదార్థాలను ప్రయోగించి చూశాడు. ఒకటి కండరాన్ని బిగిస్తుంది, రెండోది ఆ బిగింపును అడ్డుకుంటుంది. రెండూ కణం మీద ఒకే చోట పట్టుకోడానికి పోటీ పడుతున్నట్టు కనబడింది. కణం మీద అలాంటి ‘గ్రహించే పదార్థం’ ఒకటి ఉండాలని ఆయన ఊహించాడు. కంటితో చూసినవాడు ఎవడూ లేడు. చాలామంది నమ్మలేదు కూడా.

భయం వైపు నుంచి మొదలుపెట్టింది అమెరికాలో వాల్టర్ కానన్. 1911లో ఆయన చేసిన ప్రయోగం చాలా మోటుగా ఉంటుంది. పిల్లి ముందు కుక్కను మొరిగించాడు. భయపడకముందు తీసిన రక్తాన్ని, భయపడ్డాక తీసిన రక్తాన్ని వేరువేరుగా ఒక పేగు ముక్క మీద పోశాడు. మొదటి రక్తంలో పేగు మామూలుగా కదిలింది. రెండోదానిలో కదలిక ఆగిపోయింది. మూత్రపిండాల మీది గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వచ్చిందన్నమాట. 1915లో పుస్తకం రాస్తూ, పోరాడటానికో పారిపోవడానికో ఒళ్ళు ఇలా సిద్ధమవుతుందని చెప్పాడు. 1936లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికకు రాసిన చిన్న లేఖతో, ఏ రకం దెబ్బకైనా శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందనే వాదం మొదలైంది. దానికే తర్వాత స్ట్రెస్ అని పేరు స్థిరపడింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అడ్రినలిన్ ఒకటే. కానీ అది కొన్ని రక్తనాళాలను బిగిస్తుంది, కొన్నిటిని వదులు చేస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది, పేగును ఆపుతుంది. ఒకే పదార్థం ఇన్ని రకాలుగా ఎలా పనిచేస్తుంది? 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ జవాబు చెప్పాడు. తేడా పదార్థంలో లేదు, గ్రాహకాల్లో ఉంది. అవి రెండు రకాలు, ఆల్ఫా, బీటా. చెరువు భాషలో చెప్పాలంటే నీళ్ళు ఒకటే, తూములు వేరు. ఏ తూము తెరుచుకుంటే ఆ పొలానికే నీళ్ళు. 1964లో జేమ్స్ బ్లాక్ బృందం బీటా తూమును మాత్రం మూసే ప్రొప్రనొలాల్ అనే మందును బయటపెట్టింది. గుండెజబ్బుకని చేసిన మందు అది. మన కథలోకి మళ్ళీ వస్తుంది.

మొదటి నిమిషాలు

సరే, నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. మెదడులో ఏమవుతుంది?

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని ఒక చిన్న కణాల గుంపు ఉంది. లాటిన్‌లో నీలిచోటు అని అర్థం. కణాలు కొన్ని పదుల వేలు మాత్రమే. మెదడులోని వేల కోట్ల కణాలతో పోలిస్తే ఇది ఊరి చివర ఒక గుడిసె లాంటిది. కానీ దాని తీగలు మెదడంతా అల్లుకుని ఉంటాయి. 1964లో డాల్‌స్ట్రోమ్, ఫూక్సే అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు ఈ కణాలను మెరిసేలా చేసి పటం గీసినప్పుడే ఈ సంగతి బయటపడింది. ప్రమాదం కనబడగానే ఈ గుంపు నారడ్రినలిన్‌ను మెదడంతా ఒక్కసారి వదులుతుంది.

ఆ నారడ్రినలిన్ నుదుటి వెనక ఉన్న భాగానికి చేరుతుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. ఆలోచించి, బేరీజు వేసి, తొందరపడకుండా ఆపే భాగం ఇది. దీని మీద నారడ్రినలిన్ గ్రాహకాలు ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయి. ఆల్ఫా-2ఏ అనేది కొద్దిపాటి నారడ్రినలిన్‌కే పట్టుకుంటుంది. అది పట్టుకుంటే ఆ భాగం చక్కగా పనిచేస్తుంది. మనం మెలకువగా, శ్రద్ధగా ఉన్నప్పుడు జరిగేది ఇదే. ఆల్ఫా-1, బీటా రకాలకు మాత్రం నారడ్రినలిన్ ఎక్కువగా కావాలి. వరద వచ్చినప్పుడు అవి కూడా పట్టుకుంటాయి. అవి పట్టుకుంటే ఆ భాగం కాసేపు పని మానేస్తుంది. ఏమీ పాడవలేదు, కేవలం తూము మారింది. అమెరికాలో ఎమీ ఆర్న్‌స్టెన్ కొన్ని దశాబ్దాలుగా కోతుల్లో, ఎలుకల్లో ఈ మార్పునే వివరంగా చూపించారు.

పగ్గాలు అప్పుడు లోపలి భాగాలకు పోతాయి. వాటిలో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ఒకటి. ఆలోచన లేదు, అలవాటు ఉంది. దొరికిన కొమ్మ పట్టుకో. వదలకు. కట్టుబట్టలతో మెట్లెక్కు. ప్రాణాపాయంలో ఇదే కావాలి. వరదలో నిలబడి లాభనష్టాలు లెక్కేసుకునేవాడు కొట్టుకుపోతాడు. తర్వాత చాలామంది ‘ఆ టైములో నాకేం తోచలేదు, ఇంకా ఫలానావాళ్ళని పట్టుకునుంటే బాగుండేది’ అని ఏళ్ళ తరబడి కుమిలిపోతారు. తోచకపోవడం వాళ్ళ తప్పు కాదు. తోచే భాగం ఆ కాసేపు మూతపడింది. ఈ ఒక్క ముక్క బతికి బయటపడ్డవాళ్ళకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బరువు దిగేదో.

రెండు జలాశయాలు

అడ్రినలిన్, నారడ్రినలిన్ల పోటు క్షణాల్లో వస్తుంది. దాని వెనకే, నెమ్మదిగా, రెండో అల వస్తుంది. అది కార్టిసాల్. రక్తంలో దాని మోతాదు బాగా పెరగడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. 1968లో బ్రూస్ మెక్‌ఎవెన్, సహచరులు ఎలుకల్లో ఈ జాతి హార్మోను మెదడులోకి వెళ్ళి హిప్పోక్యాంపస్ అనే భాగంలో గ్రాహకాలను పట్టుకుంటుందని చూపించారు. హిప్పోక్యాంపస్ జ్ఞాపకాలు పోగుచేసే చోటు. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే హార్మోనుకు జ్ఞాపకాల దగ్గర గ్రాహకాలు ఎందుకున్నాయి? అప్పటికి ఎవరూ అనుకోని విషయం అది.

1985లో డచ్ శాస్త్రజ్ఞులు రాయల్, డి క్లోయెట్ ఇంకో సంగతి చెప్పారు. ఈ హార్మోనుకు మెదడులో రెండు రకాల గ్రాహకాలున్నాయి. ఒకటి చాలా గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి మామూలు రోజుల్లో కూడా దాదాపు నిండే ఉంటుంది. రెండోది అంత గట్టిగా పట్టుకోదు. అది కార్టిసాల్ బాగా పెరిగినప్పుడే నిండుతుంది. మొదటిది రోజువారీ కాపలా. రెండోది వరదకు. ఈ రెండోది నిండినప్పుడు కణకేంద్రకంలోకి వెళ్ళి ఏ జన్యువులు పనిచేయాలో, ఏవి ఆగాలో మారుస్తుంది. అందుకే దాని ఫలితం గంటల తరబడి, రోజుల తరబడి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన పని కూడా చేస్తుంది. ‘ఇక చాలు’ అని పైకి కబురు పంపి కార్టిసాల్ ఉత్పత్తినే తగ్గిస్తుంది. అంటే అలుగు అన్నమాట. అలుగు సరిగ్గా పనిచేస్తే కట్ట తెగదు.

ఇది చదువుతుంటే మొయినాబాద్‌కు అటూ ఇటూ ఉన్న రెండు జలాశయాలు గుర్తుకు రాకుండా ఉండవు. వాటి దగ్గరకు వచ్చే ముందు ఎలుకల సంగతి ఒకటి చెప్పాలి.

మెదడులో కణం నుంచి కణానికి ఎక్కువగా కబురు మోసేది గ్లుటమేట్ అనే ప్రసారకం. దాని గ్రాహకాల్లో ముఖ్యమైనవి ఆంపా, ఎన్‌ఎండీఏ. 2009లో బఫెలో విశ్వవిద్యాలయంలో ఎలుకలను ఇరవై నిమిషాలు నీళ్ళలో ఈదించి చూశారు. ఎలుకకు అది చిన్న తుగ్యానీయే. కొన్ని గంటల తర్వాత చూస్తే ముందుమెదడు కణాల ఉపరితలం మీద ఈ రెండు రకాల గ్రాహకాలూ పెరిగాయి. కబుర్లు బలంగా అందాయి. ఆ ఎలుకలు దారి గుర్తుపెట్టుకునే పరీక్షలో మెరుగ్గా చేశాయి కూడా. అదే బృందం 2012లో ఒక్కసారి కాకుండా రోజుల తరబడి ఒత్తిడి పెట్టి చూసింది. ఈసారి అదే చోట అవే గ్రాహకాలు తగ్గిపోయాయి. జ్ఞాపకశక్తి మందగించింది. 1980ల్లోనే ఇంకో సంగతి తేలింది. ఎలుకలకు పదేపదే ఒత్తిడి కలిగిస్తే మెదడు పైపొరలో బీటా గ్రాహకాలు కూడా తగ్గుతాయి. కణం తన తలుపులను తానే లోపలికి లాక్కుంటుంది. ఆ లాక్కునే పద్ధతిని అణువుల స్థాయిలో విప్పినవారిలో ముఖ్యుడు రాబర్ట్ లెఫ్కోవిట్జ్. గ్రాహకాల మీద పనికి 2012లో బ్రయన్ కొబిల్కాతో కలిసి నోబెల్ అందుకున్నాడు.

ఇవన్నీ జంతువుల మీద చూసినవి. మనిషి మెదడు తెరిచి గ్రాహకాలు లెక్కపెట్టలేం. అయినా మొత్తం మీద ఒక బొమ్మ ఏర్పడింది. ఒక్కసారి వచ్చి పోయే ఒత్తిడి మెదడుకు శత్రువు కాదు. దాని కోసమే ఈ ఏర్పాటంతా ఉంది. వచ్చింది పోకుండా ఉన్నా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా తూములు అదే కొలతలో స్థిరపడిపోతాయి. వరదలు చూసినవాళ్ళకు ఈ తేడా కొత్త కాదు. నీళ్ళు ఒక్క రోజు వచ్చాయి. ఆ తర్వాత ఇల్లు లేకుండా, పని లేకుండా, శవం దొరక్కుండా, కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన నెలలు వేరు. మెదడు దృష్టిలో రెండోది కూడా వరదే.

జ్ఞాపకం ఎందుకు చెరగదు

అమ్జద్‌కు ఆ రోజు యాభై ఏళ్ళ తర్వాత కూడా ఎందుకు గుర్తుంది? ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉంది గానీ దీనికి జవాబు కోసం ఒక అందమైన ప్రయోగం జరిగింది. 1994లో కాలిఫోర్నియాలో లారీ కహిల్, జేమ్స్ మెక్‌గా కొందరికి బొమ్మలు చూపిస్తూ ఒక కథ చెప్పారు. తల్లీ కొడుకూ బయల్దేరతారు. మధ్యలో పిల్లవాణ్ణి కారు గుద్దుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తారు. వారం తర్వాత అడిగితే అందరికీ ప్రమాదం భాగం మిగతా కథ కంటే బాగా గుర్తుంది. అయితే కథ వినడానికి ముందు ప్రొప్రనొలాల్ మింగినవాళ్ళకు ఆ భాగం అంతగా గుర్తులేదు. మామూలు భాగం మాత్రం అందరితో సమానంగానే గుర్తుంది. బీటా తూము మూస్తే, భయం జ్ఞాపకం మీద వేసే అదనపు ముద్ర పడలేదన్నమాట.

దీన్ని చూసి, ప్రమాదం జరిగిన వెంటనే ఈ మందు ఇచ్చేస్తే పీడకలలు రాకుండా ఆపొచ్చు కదా అని ఆశపడ్డారు. పరీక్షించారు కూడా. ఆశించినంత ఫలితం నిలకడగా రాలేదు. ఆసుపత్రికి చేరేసరికే నారడ్రినలిన్ తన పని చాలావరకు చేసేసి ఉంటుంది.

భయం జ్ఞాపకం తగ్గదా మరి? తగ్గుతుంది. చాలామందికి తగ్గుతుంది, ఏ వైద్యం లేకుండానే. కానీ చెరిగి తగ్గదు. వాన శబ్దం వినబడినా ఏమీ కాలేదు అనే కొత్త అనుభవం పదే పదే జరిగి పాతదాని మీద పొరగా పేరుకుంటుంది. ఈ కొత్త పాఠం నేర్చుకోడానికి అమిగ్డలాలో ఎన్‌ఎండీఏ గ్రాహకాలు కావాలి. పాత పాఠం కిందే ఉంటుంది. పావ్లోవ్ తన కుక్కల్లోనే చూశాడు, పోయిందనుకున్న స్పందన కొన్నాళ్ళకు తిరిగి రావడం. అందుకే పదేళ్ళ తర్వాత ఒక రాత్రి అర్ధంతరంగా వాన జోరందుకుంటే గుండె ఝల్లుమంటుంది.

నగరం గుర్తుపెట్టుకున్న తీరు

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి, నగరంలో కాదు, పైన వెతికాడు. తెగిన చెరువుల లెక్క తీశాడు. నీళ్ళు నగరానికి చేరాక ఆపడం కుదరదు, చేరకముందే ఆపాలి అని తేల్చాడు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. మొయినాబాద్ ఈ రెంటి నడుమ ఉంది. తాగునీళ్ళ చెరువులుగానే మనకు గుర్తు గానీ, అవి మొదట వరదకు కట్టిన అలుగులు. ఒక నగరం తన భయాన్ని రాయీ సున్నంతో కట్టి పెట్టుకున్న రూపం అవి.

1996 మార్చి 8న వచ్చిన జీవో 111 దానికి ఇంకో పొర. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలు, పరిశ్రమలు రాకుండా కట్టడి చేసింది. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, రాజేంద్రనగర్ మండలాల ఊళ్ళవి. అక్కడి రైతుల బాధ కూడా నిజమైనదే. రోడ్డుకు అవతల ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇవతల కూరగాయలు, పూలు పండించుకుంటూ, కూతురి పెళ్ళికి అరెకరం అమ్ముదామన్నా ధర రాక, ‘పట్నపోళ్ళ కోసం మేమెందుకు ఆగాలె’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నగరం ఏనాడూ సరైన జవాబు చెప్పలేదు, పరిహారమూ ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ కట్టడిని ఎత్తేశారు. నగరానికి ఇప్పుడు గండిపేట నీళ్ళ మీద ఆధారపడే అవసరం లేదన్నది చెప్పిన కారణం.

తాగునీటి అవసరం తీరి ఉండవచ్చు. వరద సంగతి? 2020 అక్టోబరులో నగరం మునిగింది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి. తుగ్యానీకి నూటపదిహేడేళ్ళు నిండే వారంలోనే, ఆ చింతచెట్టుకు కూతవేటు దూరంలో. ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అన్న ఏళ్ళు పొరలు పొరలుగా పేరుకుంటాయి. కింద ఉన్నది అలాగే ఉంటుంది.

లెక్కలో లేనివాళ్ళు

మళ్ళీ ఆ మర్రిచెట్ల రోడ్డుకు వద్దాం. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకరంతా బస్సులో ఉన్నవాళ్ళ మీద పడింది. పందొమ్మిది మంది పోయారు. చనిపోయినవాళ్ళకింత, గాయపడ్డవాళ్ళకింత అని పరిహారం ప్రకటించారు. ఇవ్వవలసిందే. కానీ ఆ బస్సులో ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చినవాళ్ళూ ఉంటారు. చేతులతో కంకర తవ్వినవాళ్ళు ఉంటారు. టిప్పరు హారన్ వినబడితే ఒళ్ళు చెమటలు పట్టే మనిషి ఏ పట్టికలో కనిపిస్తాడు? చింతచెట్టు మీది నూటయాభై మందిలాగే, బతికాడు కాబట్టి అతని కథ అయిపోయింది.

మన దేశంలో ఒక విపత్తు తర్వాత మనసుల సంగతి వైద్యులు పద్ధతిగా పట్టించుకోవడం 1984 భోపాల్‌తో మొదలైందని చెప్పాలి. దానికి నాలుగేళ్ళ ముందే, 1980లో, అమెరికా మానసిక వైద్యుల జాబితాలో పీటీఎస్‌డీ అనే పేరు చేరింది. ఇవాళ ఏం చేయాలో కొంత తెలుసు. వణికిపోతున్న మనిషికి నిద్రమాత్ర రాసి పంపేయడం సులువు. ఆ మాత్రల్లో చాలావరకు గాబా అనే ప్రసారకం గ్రాహకాల మీద పనిచేసి మెదడును మగతలోకి దించుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే, దారుణం జరిగిన మొదటి నెలలో ఆ రకం మాత్రలను ఈ లక్షణాలకు ఇవ్వొద్దని చెప్పింది. అప్పుడు కావాల్సింది వేరు. ఇక ప్రమాదం లేదన్న నమ్మకం, నిద్ర, తనవాళ్ళ తోడు, తన చేతిలో ఇంకా ఏదో ఉందన్న భావన. అలుగు పోయడానికి వ్యవధి ఇవ్వడం. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. వైద్యం ఉంది, పనిచేస్తుంది.

జడుసుకున్నవాడి చుట్టూ నలుగురు కూచోవడం మన ఊళ్ళకు తెలుసు. తెలియనిది లెక్క రాయడం. విశ్వేశ్వరయ్య వచ్చి తెగిన చెరువులన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాకే జలాశయాలు ఎక్కడ కట్టాలో తేలింది. ఈసారి ప్రమాదం జరిగినప్పుడు మండలాఫీసులో రాసే పట్టికలో మృతులు, క్షతగాత్రులు అన్న రెండు గడుల పక్కన మూడో గడి ఒకటి ఉండాలి, బయటపడ్డవాళ్ళు అని. నెల తర్వాత ఒక ఆశా కార్యకర్త వెళ్ళి ‘నిద్ర పడుతుందా అన్నా?’ అని అడగడానికి ఆ గడిలో పేరు, ఊరు ఉంటే చాలు.